డిసెంబరు ముప్పై ఒకటిన పుట్టిన గుర్రం

సరటోగా స్ప్రింగ్స్, న్యూయార్క్
3 మార్చి 2019

అక్కయ్యకు,

నా చెవులు దాదాపు పోయాయి కనుక ఈ ఉత్తరం. పోయిన నెల ఫోన్లో నీ మాటల్లో సగమే వినిపించాయి, ఆ సగమూ తిట్లే. కాగితం మీదయితే మొత్తం తిట్లు తీరిగ్గా చదువుకోవచ్చు.

హాకిన్స్ హిల్ చర్చి భోజనశాల తూర్పు గోడకు కొత్తగా సున్నం వేశారని నీకు తెలిసే ఉంటుంది. దానిమీద ఒక గుర్రం బొమ్మ వేయించాలని మన పాత గుర్రపువాళ్ల సంఘం తీర్మానించింది. 1980 తర్వాత పరిగెత్తిన మూడేళ్ల గుర్రాల్లో అన్నిటికన్నా గొప్పదేదో, దాని బొమ్మ. సభ్యులు తొమ్మిదిమంది. మనిషికొక ఓటు. ఓటు కింద కారణం రాసి సంతకం పెట్టాలి. జూన్ మొదటి ఆదివారం విందులో ఫలితం చదువుతారు. లెక్కపెట్టే పని ఓటు లేని నాకు అప్పగించారు. ఊరికి దూరంగా ఉన్నవాణ్ని గనక ఎవరి పక్షమూ పట్టనని వాళ్ల నమ్మకం. పైగా ముప్పై ఏళ్లు మైదానంలో దుర్భిణీ పట్టుకుని, ఏ గుర్రం ఎక్కడుందో, ఏ మలుపులో ఏం జరిగిందో చూసి చెప్పి రాయించినవాణ్ని. మర్నాడు అచ్చయ్యే ఆ పందెం పత్రమే కదా మన దేశంలో గుర్రానికి జాతకం.

1980 దగ్గర గీత ఎందుకు గీశారని ఒకాయన గొడవపడ్డాడట. 1973 నాటి సెక్రటేరియట్‌ని కలుపుకుంటే ఇక వాదన ఏముంటుంది? మూడు పెద్ద పందేల్లో ఆఖరిదానిలో ముప్పై ఒక్క గుర్రాల పొడవు ముందు నిలిచినవాడితో ఎవరు పోటీకి వస్తారు? వాదన లేకపోతే మనవాళ్లకు అన్నం సహించదు.

లెక్కపెట్టేవాడు ముందుగా బయటపెట్టకూడదు. అయినా నీకు చెబుతున్నాను. ఎనిమిది ఓట్లు వచ్చాయి. రేచెల్ అలెగ్జాండ్రాకి నాలుగు, అమెరికన్ ఫారోకి నాలుగు. మన ఈనాక్ బీమన్ ఫారోకి వేసి కింద ఇలా రాశాడు: "మూడు పెద్ద పందేలూ ఒకే ఏడు గెలిచేవాడి కోసం ముప్పై ఏడేళ్లు ఎదురుచూశాం. వాడొచ్చి మూడు పందేలూ ఊడ్చుకుపోయాడు. ఇంకా కారణం అడుగుతారేంటి?" అటుపక్కవాళ్లు తక్కువ తినలేదు. ఆడగుర్రం అయివుండి మగవాళ్లనూ ఓడించింది, పెద్దవయసు మగగుర్రాలనూ ఓడించింది అని ఒక్కొక్కరు పేజీ నింపారు. పెద్దవాళ్లను ఓడించిన ఆ పందెం ఇక్కడే, ఈ ఊళ్లోనే జరిగింది. నేను చూశాను. జనం గంతులకు గ్యాలరీ చెక్కలు కదిలాయి.

మిగిలింది నీ ఒక్క ఓటు. అది ఎవరికో నాకు ముందే తెలుసు. జీవితంలో ఒక్క మగవాడికీ దారి ఇవ్వని దానివి, రేచెల్‌కి కాక ఎవరికి వేస్తావు? త్వరగా పంపు. బొమ్మ వేసేవాడు రంగులు కొనుక్కోవాలట.

ఏప్రిల్ చివర్లో నా మోకాలికి ఆపరేషన్. విందుకు రాలేను.

నీ తిట్ల కోసం ఎదురుచూసే తమ్ముడు,
రాన్సమ్


హాకిన్స్ హిల్, కెంటకీ
14 మార్చి 2019

రాన్సమ్‌కు,

నీ ఉత్తరం మంగళవారం అందింది. వెంటనే జవాబు రాయకపోవడానికి కారణం కోపం కాదు. పెరటి కంచె తీగ మూడుచోట్ల తెగింది. దాన్ని బిగించుకోవడానికి రెండు రోజులు పట్టింది. పక్కింటివాళ్ల కోడలు కంచెకు అవతల నిలబడి, ఈ వయసులో మీకెందుకండీ ఈ పనులు, ఆ ట్రక్కు నడపడం కూడా ఇక మానేయకూడదా అని సలహా ఇచ్చింది. ఆవిణ్ని అదే ట్రక్కులో లెక్సింగ్టన్ తీసుకెళ్లి, బజారు చేయించి, వాకిట్లో దించాను. తిరుగు దారిలో సలహాలేమీ రాలేదు.

నా ఓటు నీకు ముందే తెలుసని రాశావు. ఆడదాన్ని గనక ఆడగుర్రానికి వేస్తానని నీ లెక్క. ఎనభై రెండేళ్లు నన్ను చూసిన తర్వాత కూడా నువ్వు వేసిన లెక్క ఇదయితే, నీ దుర్భిణీ మీద నాకు అనుమానం కలుగుతోంది.

ముందు నీ గొప్పవాళ్ల సంగతి. సండే సైలెన్స్ అంటే నాకు గౌరవం ఉంది. వేలంలో ఎవరికీ నచ్చని వంకరకాళ్లవాడు, నచ్చనన్నవాళ్ల కళ్లెదుటే గెలిచాడు. అతనికి ఒక్క ఓటూ రాకపోవడం మన సంఘానికి సిగ్గుచేటు. జస్టిఫై ఆరే పందేలు పరిగెత్తాడు, ఆరూ గెలిచాడు, వేసవి ముదరకముందే ఇంటికి వెళ్లిపోయాడు. విందుకు వచ్చి మొదటి ముద్దతోనే లేచిపోయిన చుట్టాన్ని గొప్ప భోక్త అని నేను అనలేను. ఫారో గొప్పవాడే. ఆగస్టులో మీ ఊళ్లో ఓడిపోయాడని ఈనాక్‌కు గుర్తుచెయ్యి. రేచెల్‌తో నాకు ఏ తగవూ లేదు. ఇరవై గుర్రాల పొడవు తేడాతో ఆడగుర్రాల ఓక్స్ పందెం గెలిచిన పిల్లతో ఎవరికి తగవు?

కానీ అడిగిన ప్రశ్న మూడేళ్ల గుర్రం గురించి. మూడేళ్లు అంటే ఏమిటి? జాతిగుర్రాలన్నింటికీ జనవరి ఒకటినే ఒక ఏడు పెరుగుతుందని మన కాగితాలు చెబుతాయి. సూర్యుడు అలా చెప్పడు. రేచెల్ జనవరి ఇరవై తొమ్మిదిన పుట్టింది. ఫారో ఫిబ్రవరి రెండున పుట్టాడు. పెద్ద పందేల నాటికి ఇద్దరికీ నిండా మూడేళ్ల మూడు నెలలు. 1984 ఏప్రిల్లో, లెక్సింగ్టన్ మైదానంలో, మూడేళ్ల ఆడగుర్రాల పందెంలో ఒక పిల్ల పరిగెత్తింది. దానికి నిండినవి రెండేళ్ల మూడున్నర నెలలు. తనకన్నా దాదాపు ఏడాది పెద్దవాళ్లయిన తొమ్మిది మందితో మైలుకు పైగా పరిగెత్తి, ముక్కంత తేడాతో రెండోదిగా వచ్చింది. అదే వయసులో నీ ఛాంపియన్లు ఇంకా జీను బరువు నేర్చుకుంటున్నారు, లేదా తమ ఈడు పసివాళ్లతో ఆడుకుంటున్నారు.

అందుకని నా ఓటు ఇది. విడిగా కాగితం మీద సంతకంతో జతచేశాను.

టూ సూన్. క్రెన్‌షా ఫారం. 1984.

చివర్లో అలసిపోయిందని నీ పత్రంలో ఉంది. ఆ మాట నువ్వు స్వయంగా రాయించినదే. నేను మర్చిపోలేదు. అయినా నా ఓటు దానికే.

చలి తగ్గలేదు. మోకాలికి ఉన్ని గుడ్డ చుట్టుకో. ఆపరేషన్ దాకా ఆగనక్కర్లేదు.

ఎడ్మోనియా


సరటోగా స్ప్రింగ్స్
25 మార్చి 2019

అక్కయ్యకు,

నీ ఓటు చెల్లదు. చెల్లదని చెప్పడానికి నాకు అధికారం ఉంది, కారణమూ ఉంది. అది రెండేళ్ల గుర్రమని నువ్వే ఒప్పుకున్నావు. ఓటు అడిగింది మూడేళ్ల గుర్రానికి. నీ వాదనే నీ ఓటును కొట్టేసింది.

పోనీ, వయసు పక్కన పెడదాం. గోడమీద ఎక్కాలంటే గుర్రం ఏదైనా గెలవాలి. ఒక్క మంచి పందెం, అదీ ఓడిన పందెం. ఆ పేరు చదివితే విందులో జనం ఫోర్కులు కింద పెట్టి నవ్వుతారు. నిన్ను చూసి నవ్వుతారు. అది నాకు ఇష్టం లేదు.

ఇంకో మాట. ఆ పత్రం నేను రాయించినదేనని ఎందుకు గుర్తుచేశావు? మర్చిపోలేదని ఎందుకు గుచ్చి రాశావు? ముప్పై అయిదేళ్లుగా ఎత్తని మాట ఇప్పుడు ఎత్తావంటే ఎవరైనా ఏదైనా చెప్పి ఉండాలి. అడగాల్సింది ఉంటే సూటిగా అడుగు. డొంకతిరుగుడు నీకు నప్పదు.

నువ్వు అడిగే వరసలో ఉంటే నేనూ ఒకటి అడుగుతాను. నాన్నకు దక్కాల్సిన ఇల్లు ఏ కాగితం వల్ల పోయిందో మనిద్దరికీ తెలుసు. ఆ కాగితానికి ఇప్పుడు గోడమీద బొమ్మ కూడా కావాలా?

పద్ధతిగా ఇంకో ఓటు రాసి పంపు. రేచెల్‌కి వేస్తావో, ఫారోకి వేస్తావో నీ ఇష్టం. నీ ఓటు తేలకుండా బొమ్మ మొదలుకాదు.

రాన్సమ్


హాకిన్స్ హిల్
6 ఏప్రిల్ 2019

రాన్సమ్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కోపం మూడుసార్లూ ఒకే చోట వచ్చింది. కనుక అది తొందరపాటు కోపం కాదు.

ముందు నిబంధన. టూ సూన్ పుట్టినరోజు 1981 డిసెంబరు ముప్పై ఒకటి అని క్రెన్‌షా ఫారం కాన్పుల పుస్తకంలో రాశాను. అందువల్ల 1984లో అది మన చట్టం ప్రకారం మూడేళ్ల గుర్రం. మర్నాటి తారీఖు వేసి ఉంటే ఆ ఏడు అది రెండేళ్ల గుర్రమే అయ్యేది, నీ అభ్యంతరం నిలిచేది. నేను నిజం రాశాను కాబట్టే దానికి ఆ పందెంలో చోటు దొరికింది, నిజం రాశాను కాబట్టే నా ఓటుకూ చోటుంది. నీ అధికారం నువ్వు దాచుకో.

ఇప్పుడు ఇల్లు. ఆ రోజు నువ్వు న్యూయార్క్‌లో ఉన్నావు. నీకు తెలిసినదంతా నాన్న బాధలో సగం సగం చెప్పినదే. నేను ఎప్పుడూ చెప్పలేదు, ఎందుకంటే నువ్వు ఎప్పుడూ అడగలేదు. తీర్పు మాత్రం చెప్పేశావు.

ఆ ఏడు మగగుర్రంతో జతకట్టించడం మొదలయ్యే ఫిబ్రవరి పదిహేనుకు జాబితా నిండిపోయింది. నాన్న ఆ తల్లిగుర్రాన్ని ఒకరోజు ముందే, పద్నాలుగున కలిపించారు. పదకొండు నెలలూ నిండితే జనవరిలో ఈనాలి. పదిహేను రోజుల తేడాను ఆయన లెక్కలోకి తీసుకోలేదు. నలభై ఏళ్లు గుర్రాల కాన్పులు చూసిన మనిషి ఆ ఒక్కసారి తొందరపడ్డారు. డిసెంబరు ముప్పై ఒకటి సాయంత్రం నాలుగు గంటలకు, వెలుగు ఇంకా ఉండగానే, గడ్డిలో పిల్ల పడింది. నేను ఆఫీసు నుంచి పుస్తకం తీసుకెళ్లి, అక్కడే, గుర్రపుశాల గడప మీద పెట్టుకుని రాశాను. నాలుగుంపావు. ఆడపిల్ల. నల్లజూలు, గోధుమవన్నె ఒళ్లు, ఎడమ వెనక కాలికి తెలుపు.

అయిదింటికి ఫారం యజమాని క్రెన్‌షా వచ్చాడు. ఎనిమిది గంటల తర్వాత పుట్టి ఉంటే ఆ పిల్లకు ఒక ఏడు కలిసొచ్చేది. రాత్రి తెల్లారితే ఏడాది నిండిన గుర్రం అయిపోతుంది, పరుగుపందేలకు ఎందుకూ పనికిరాదు. అతను గొంతు పెంచలేదు. "ఎడ్మోనియా, ఇంకో ఎనిమిది గంటలు ఆగి రాసి ఉంటే సరిపోయేది కదా" అన్నాడు.

"ఆగాల్సింది గుర్రం. అది ఆగలేదు" అన్నాను.

అతను నాన్న వైపు తిరిగాడు. వాగు పక్క రాతి ఇల్లు ఆ వసంతంలో నాన్నకు ఇస్తానని మాట ఇచ్చి ఉన్నాడు. ఆ ఇంటి సంగతి ఇప్పుడు ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు కూడా. వాడు వెళ్లాక నాన్న టోపీ చేతిలో పట్టుకుని పొయ్యి దగ్గర నాకెదురుగా కూర్చున్నారు. "ఒక్క గీతే కదే తల్లీ. ముప్పై ఒకటిని కొట్టేసి ఒకటని రాసెయ్" అన్నారు. నా జీవితంలో నాన్న నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. ఆ పుస్తకంలో పేజీ పేజీకీ కింద ఉన్నది నా సంతకం. ఆ ఫారం ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టిన మొదటి నల్లమ్మాయిని నేను. నా అంకెల్లో ఒక్కటి అబద్ధమైతే మిగతావన్నీ అబద్ధమేనని అనడానికి ఊరంతా కాచుకుని ఉంది. కుదరదు నాన్నా అన్నాను.

"నీ చదువు నా ఇల్లు మింగేసిందే" అన్నారు. అంతే. ఆ పైన ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఇల్లు ఇంకొకరికి పోయింది. నా ఉద్యోగం కూడా ఆ వసంతంలోనే పోయింది. ఇరవై రెండేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పుకుని బతికాను. ఎవరి దయా లేకుండా బతికాను. క్రెన్‌షా అక్కసుతో ఆ పిల్లకు టూ సూన్ అని పేరు పెట్టాడు. మరీ తొందరపడిందట. పెట్టుకోనీ.

ఆ రాతకు నేను పశ్చాత్తాపపడటం లేదు. మళ్లీ ఆ సాయంత్రం వస్తే మళ్లీ అదే తారీఖు, అదే సిరా. కానీ ఒక్క విషయంలో నాకు నేను జవాబు చెప్పుకోలేకపోయాను. మలుపు దాకా అందరికన్నా ముందున్న పిల్ల చివర్లో అలసిపోయిందని నువ్వు రాయించావు. ఎందుకు అలసిపోతుంది? ఏడాది తక్కువ కాబట్టి. ఆ ఏడాది దానికి లేకుండా చేసింది ఎవరు? క్రెన్‌షా నీ పత్రం చదివి, ఇది దూరం పరిగెత్తలేదు అని దాన్ని పడమటి చిన్న మైదానాలకు అమ్మేశాడు. అక్కడ నలభై ఒక్క పందేలు పరిగెత్తింది. ఒక్కొక్క దాని ఫలితం నేను పత్రికలో వెతుక్కుని చదివాను.

ఇదీ నా ఓటు. నా సిరా వల్ల ఆ పిల్ల ఓడింది. గోడమీద ఎక్కకపోయినా సరే, ఈ ఊళ్లో ఒక్కసారి దాని పేరు గౌరవంగా చదవాలి. నేను గుచ్చి రాశానని నువ్వు ఎందుకనుకున్నావో నాకు అర్థం కాలేదు. నీ పత్రాన్ని నేను ఏనాడూ అనుమానించలేదు. ఈ దేశంలో నేను నమ్మిన రాతలు రెండే. ఒకటి నాది, రెండోది నీది.

ఓటు మార్చను. నవ్వేవాళ్లను నవ్వనీ.

ఎడ్మోనియా


సరటోగా స్ప్రింగ్స్
6 మే 2019

అక్కయ్యా,

నెల రోజులు నీకు రాయలేదు. ఆపరేషన్ అయింది. దాన్ని కారణంగా చెప్పుకుందామని మొదట అనుకున్నాను.

శనివారం డెర్బీ మంచంమీద నుంచి చూశాను. నువ్వూ చూసే ఉంటావు. బురద నేల. మొదట వచ్చినవాడు మలుపులో పక్కకు జరిగి వెనకవాళ్ల దారికి అడ్డం పడ్డాడు. ఇరవై రెండు నిమిషాలు న్యాయనిర్ణేతలు ఆ మలుపునే తిప్పి తిప్పి చూశారు. తర్వాత వాణ్ని దించేసి, వెనక వచ్చినవాడికి పూలదండ వేశారు. నూట నలభై అయిదేళ్లలో ఎన్నడూ జరగని పని. మా ఇంట్లో నర్సు అడిగింది, ఇంత చిన్న అడుగును కూడా చూస్తారా అని. చూస్తారమ్మా, చూడటానికే జీతం ఇస్తారు అన్నాను. ఆ మాట నా నోటినుంచి వచ్చాక ఇక పడుకోలేకపోయాను.

టూ సూన్ అలసిపోలేదు.

ఆ ఏప్రిల్లో నన్ను పనిమీద లెక్సింగ్టన్ మైదానానికి పంపారు కదా. చివరి ఫర్లాంగులో, బయటి గుర్రం లోపలికి వాలింది. మన పిల్ల భుజానికి తగిలింది. జాకీ కళ్లెం లాగక తప్పలేదు. అది అడుగు తప్పింది. పూర్తిగా ఒక గుర్రం పొడవు పోగొట్టుకుంది. తర్వాత అది చేసిన పని నేను ఎన్నడూ చూడలేదు, అక్కయ్యా. కంచె పక్కన సందులోంచి మళ్లీ లేచి, ఆ పోయిన పొడవంతా తిరిగి సంపాదించుకుంది. ఇంకో రెండు అడుగులు నేల ఉంటే గెలిచేది. నా దుర్భిణీలో అంతా స్పష్టంగా కనబడింది. జాకీ చిన్నవాడు, ఫిర్యాదు చెయ్యడానికి భయపడ్డాడు. పక్కన రాసుకునేవాడు పెన్ను పట్టుకుని నా నోటివైపు చూస్తున్నాడు. నేను "ముందు నడిచింది, చివర అలసింది" అని చెప్పాను.

ఎందుకని నువ్వు అడుగుతావు. రెండు కారణాలున్నాయి. ఏది ముందో ఇప్పటికీ తెలియదు. మన నాన్న కాన్పు చేసిన పిల్ల, నువ్వు పుస్తకంలో రాసిన పిల్ల. అడ్డం పడ్డారని నేను రాయిస్తే, నల్లవాడికి దుర్భిణీ ఇచ్చారు, వాడు తనవాళ్ల గుర్రానికి సాక్ష్యం చెప్పాడు అంటారు. ఆ మైదానంలో ఆ పనిలో నాలాంటివాడు ఇంకొకడు లేడు. భయపడ్డాను. రెండోది, నీమీద కోపం. ఆ ఇల్లు. నీ పట్టుదలకు ఎక్కడో ఒకచోట దెబ్బ తగలాలని అనుకున్నాను. దెబ్బ గుర్రానికి తగిలింది.

నువ్వు మార్చిలో రాసిన మాట చదివి, నీకు తెలిసిపోయిందనుకున్నాను. నీ ఏప్రిల్ ఉత్తరం చదివాక, నీకు ఏమీ తెలియదని తెలిసింది. అది ఇంకా ఘోరంగా ఉంది.

నీ ఓటు చెల్లుతుంది. లెక్కలో చేర్చాను. ఇందులో ఇంకో కాగితం పెట్టాను. ఆ పందెంలో టూ సూన్ గురించి నేను ఆ రోజు చెప్పాల్సిన వాక్యాలు, నా చేతిరాతతో, నా సంతకంతో. అచ్చయిన పత్రాన్ని ఇప్పుడు ఎవరూ మార్చరు. దీన్ని ఏం చేసుకుంటావో నీ ఇష్టం. చించినా నేను కాదనను.

రాన్సమ్


హాకిన్స్ హిల్
4 జూన్ 2019

రాన్సమ్,

నీ కాగితం చించలేదు. ఆదివారం విందులో చదివాను.

మొదట ఫలితం. నువ్వు పంపిన లెక్కను పాస్టరుగారు చదివారు. రేచెల్‌కి నాలుగు, ఫారోకి నాలుగు, టూ సూన్‌కి ఒకటి. నువ్వు చెప్పినట్టే ఫోర్కులు కింద పెట్టారు, నవ్వారు. ఎవరిదా గుర్రం, ఎక్కడిదా గుర్రం అని వెనక బల్ల దాకా మాట పాకింది. నేను లేచాను. నవ్వు అయ్యేదాకా నిలబడ్డాను. తర్వాత నీ వాక్యాలు చదివాను, నీ సంతకం దాకా, నెమ్మదిగా, తరగతిలో లెక్క చదివినట్టు. కారణాలేమీ చదవలేదు. అవి నాకు రాసినవి, వాళ్లకు కాదు.

 అప్పుడు ఈనాక్ బీమన్ కర్ర ఊతంగా లేచాడు. ఆ రోజుల్లో క్రెన్‌షా దగ్గర పొద్దుటిపూట గుర్రాలు తోలేవాడని గుర్తుందా? ఆ పిల్లను రోజూ తోలింది అతనే.

"టీచరమ్మా, ఆ రోజు నేను కంచెని ఆనుకునే ఉన్నాను. అడ్డం రావడం చూశాను. మర్నాడు పేపర్లో అలసింది అని పడింది. రాన్సమ్ రాయించాడంటే సరే, నా కళ్లకే మసక వచ్చిందనుకున్నాను. ముప్పై అయిదేళ్లు నా కళ్లనే అనుమానించుకున్నాను."

పాస్టరుగారి వైపు తిరిగి, ఫలితం ఖాయం చెయ్యకముందే తన ఓటు వెనక్కి తీసుకుంటున్నానని, దాన్ని టూ సూన్‌కి రాసుకోమని చెప్పాడు. రేచెల్‌కి నాలుగు, ఫారోకి మూడు, మనదానికి రెండు. గోడ రేచెల్‌కి దక్కింది.

ఆ తర్వాత జరిగింది విను. ఆడవాళ్లంతా వంటగదిలోంచి వచ్చి నన్ను చుట్టుముట్టారు. ఆడపిల్లను గెలిపించావమ్మా, ఎంత ఎత్తు వేశావమ్మా, మగవాళ్ల ఓటు చీల్చడానికే ఇదంతా చేశావు కదూ అని నా భుజాలు పట్టి ఊపేశారు. కాదంటే ఒకరూ వినరు. పక్కింటి కోడలు నా చెవిలో, మీ తెలివి ఎవరికీ రాదండీ అంది. ఫారో పక్షంవాళ్లు నాతో మాట్లాడటం మానేశారు. అంటే, నా జీవితంలో ఒకే ఒక్కసారి ఏ కుట్రా లేకుండా ఓటు వేశాను, దానికే కుట్రదారునని పేరొచ్చింది. మోసుకుంటాను. బొమ్మ వేసేవాడు మాత్రం నా దగ్గరికొచ్చి, ఆ రెండో గుర్రానికి తెల్లకాలు ఏది అని అడిగాడు. ఎడమ వెనకది అని చెప్పాను. ఎందుకు అడిగాడో నేను అడగలేదు.

ఇక నీ సంగతి.

నీ ఉత్తరం చదివినప్పుడు మొదట కలిగింది కోపం కాదు. తేలిక. నా సిరా దాన్ని ఓడించలేదు. రెండేళ్ల మూడున్నర నెలల పిల్ల, దెబ్బ తిని, మళ్లీ లేచి, ఏడాది పెద్దవాళ్ల ముక్కు దాకా వచ్చింది. నేను వేసిన ఓటు జాలితో వేసినది అనుకున్నాను. కాదు, న్యాయమైన ఓటే వేశాను. అంత మాత్రం నాకు తెలియకుండానే సరిగ్గా చేశానని తెలిసి, వాకిట్లో కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చున్నాను.

తర్వాత గుర్తొచ్చింది. అది గుర్తొచ్చాక తేలిక పోయింది.

ఆ పందెం రోజు నాన్న నా పక్కనే ఉన్నారు. గుర్రాలు దాటిపోగానే, "పిల్లకి ఎవరో అడ్డొచ్చారే" అన్నారు. ఇంటికెళ్లేదాకా అదే మాట. మర్నాడు ఉదయం నేను పత్రిక తెచ్చి, వేలు పెట్టి నీ వాక్యం చూపించాను. "అలసిపోయింది నాన్నా. తమ్ముడు రాశాడు చూడండి" అన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివారు. మడిచి నా చేతికిచ్చారు. "వాడు రాశాడంటే అంతేలే" అన్నారు. చనిపోయేదాకా ఆ గుర్రం పేరు మళ్లీ ఎత్తలేదు. ఇల్లు పోయినప్పుడు ఆయన నన్ను తప్పుపట్టారు, నేను తలవంచలేదు. అది సరే. కానీ ఆయన తన కళ్లతో చూసిన నిజాన్ని, నేను అచ్చు కాగితం చూపించి ఆయన నోట్లోనే నొక్కేశాను. అది నీ అబద్ధం, కానీ చూపించిన వేలు నాది. నువ్వు రాసింది ఒక వాక్యం. దాన్ని మన నాన్నకు అందించింది నేను.

నీ భయం నాకు అర్థమైంది. ఆ దుర్భిణీ ఎంత బరువో నాకు తెలుసు. నా పుస్తకం కూడా అంతే బరువు. నేను మోశాను కాబట్టి నువ్వు మోయాల్సిందేనని అనను. కానీ మోయలేదన్న మాటను మింగి, పైగా నాకు నాన్న ఇల్లు గుర్తుచేశావు చూడు, దానికి మాత్రం సర్దుబాటు లేదు.

నీ కాగితం ఇప్పుడు భోజనశాలలో, రేచెల్ గోడకు ఎదురుగోడన, అద్దం వెనక ఉంది. ఈనాక్ మేకు కొట్టాడు. అది అక్కడే ఉంటుంది. ఎవరైనా తీయమంటే నా దగ్గరికి రమ్మన్నాను. ఇంతవరకు ఎవరూ రాలేదు.

మోకాలు కట్టు విప్పాక రోజూ నడువు. డాక్టరు చెప్పినంత కాదు, దానికి రెట్టింపు.

క్షమించమని నీ ఉత్తరంలో ఎక్కడా అడగలేదు. మంచిపని చేశావు. క్షమించానని ఈ రోజు రాస్తే అది తప్పు తారీఖు అవుతుంది. అది నిజంగా జరిగిన రోజున, జరిగితే, ఆ రోజు తారీఖే వేసి రాస్తాను.

ఎడ్మోనియా